అతుకు కనబడని పని

నిర్మల్ బొమ్మ భాగాలను పొనికి కర్రతో విడివిడిగా చెక్కి, చింతగింజల ముద్దతో అతికిస్తారు. రంగు పడ్డాక అతుకు కనబడదు. ఆంధ్రభారతి వెబ్‌సైటులో నిఘంటు శోధన తెరిచినప్పుడల్లా నాకు ఆ పనితనమే గుర్తొస్తుంది. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం, బ్రౌన్ నిఘంటువు, మన కరీంనగర్ వైపు నలిమెల భాస్కర్ కూర్చిన తెలంగాణ పదకోశం, అన్నీ ఒక్క మాటకు ఒకేచోట జవాబిస్తాయి. పుస్తకాన్ని ఫొటో తీస్తే ఇది జరగదు, వట్టి ఫొటోలో మాటను నేరుగా వెతకలేం. అరసున్న, బండి ర తప్పకుండా ప్రతి అక్షరం టైపు చేయాలి, మళ్లీ సరిచూడాలి. ఆంధ్రభారతి కోసం వాడపల్లి శేషతల్పశాయి, కాలెపు నాగభూషణరావు ఏళ్ల తరబడి చేసిన సేవ అది. ఎంత ఓపిక!

ఇలా టైపు చేయాలన్నా ముందు పుస్తకం మిగలాలి కదా. మీ అటక మీద తాటాకు గ్రంథమో, పాత నిఘంటువో ఉంటే చెదలకు వదలకండి.