గుల్మార్గ్‌కు ముందు గోడకుర్చీ

స్కీయింగ్‌కు వెళ్దామనుకునేవాళ్లు బడిలో గోడకుర్చీ వేయించిన మాస్టారికి ఇప్పుడు దండం పెట్టుకోవాలి. గోడకు వీపానించి, కుర్చీ లేకుండానే కూర్చున్నట్టు మోకాళ్లు వంచి ఉండటం. మంచువాలు మీద పూటంతా తొడలు పడే శ్రమ అదే. మన సికింద్రాబాద్ సీతాఫల్‌మండిలో లిఫ్టు లేని మూడంతస్తుల ఇంట్లో ఉంటే మరీ మేలు. మెట్లు నెమ్మదిగా దిగడమూ సాధనే. బయల్దేరేముందు నెలన్నరపాటు రోజూ ఈ రెండూ చేయండి.

ఎక్కడికన్న చర్చ చాలా ఇళ్లలో మనాలీతో మొదలై మనాలీతోనే ముగుస్తుంది. ఫొటోలకు అక్కడి సోలాంగ్ లోయ చాలు గానీ, నేర్చుకోవడానికి నా ఓటు కశ్మీర్‌లోని గుల్మార్గ్‌కే. ఔలీ వాలు బాగుంటుంది. కానీ 2023 జనవరిలో కిందున్న జోషీమఠ్‌లో నేల కుంగాక అక్కడి నుంచి పైకి వచ్చే రోప్‌వే ఆగింది. గుల్మార్గ్‌లో ఈ విద్యకు వంశవృక్షం ఉంది. 1927లో బ్రిటిష్ సైనికాధికారులు అక్కడ స్కీ క్లబ్ ఆఫ్ ఇండియా పెట్టారు. 1948లో సైన్యం తెరిచిన స్కీ బడే నేటి హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్. కేంద్ర పర్యాటక శాఖ శిక్షణ సంస్థా అక్కడే ఉంది. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్లిన ఒకే ఒక్కడు ఆరిఫ్ ఖాన్ ఈ వాలుల మీదే పెరిగాడు. ఇక్కడ నేర్పడం తెలిసినవాళ్లు దొరుకుతారు. గంటకింతని బేరమాడి, చేతులు పట్టి లాక్కెళ్లేవాళ్లూ దొరుకుతారు. తేడా పసిగట్టడం తేలికే: అసలైన గురువు మొదట ఆగడం నేర్పుతాడు.

ఆగే పద్ధతి పేరు స్నోప్లౌ. ఆస్ట్రియాలోని ఆర్ల్‌బెర్గ్‌లో హానెస్ ష్నైడర్ గత శతాబ్దం తొలినాళ్లలో క్రమబద్ధం చేసిన పాఠాల్లో మొదటి మెట్టు ఇదే. స్కీల ముందుకొనలు దగ్గరగా ఉంచి, మడమలను బయటికి నెట్టాలి. లోపలి అంచులు మంచును గీరుతాయి, జోరు తగ్గుతుంది. చూడ్డానికి ఇంతే. చిక్కంతా భయంతోనే. వాలు కనబడగానే ఒళ్లు వెనక్కి వాలుతుంది. బరువు మడమల మీదికి పోయిందా, ముందు భాగం తేలిపోయి స్కీలు మాట వినవు. ముంగాలు బూటు నాలుకను ఒత్తేలా ముందుకే వంగాలి. ప్రాణం వద్దంటున్నా లోయవైపు ఒరగడంలోనే కిటుకంతా ఉంది. ఎడమకు తిరగాలంటే బరువు కుడికాలి మీద వేయాలి, కుడికైతే ఎడమకాలి మీద. పడిపోతున్నామని తెలిస్తే చేయి ఆనించకుండా కొండవైపు పక్కకు కూలబడాలి. లేచేముందు స్కీలు రెండూ వాలుకు అడ్డంగా, మనకు దిగువన ఉండాలి. నిలువుగా ఉంచి లేస్తే, నిలబడకముందే ప్రయాణం మొదలవుతుంది.

అద్దె బూటు దగ్గర మొహమాటం వద్దు. నిటారుగా నిలబడితే వేలికొన ముందు తాకాలి, మోకాలు వంచగానే వెనక్కి జరగాలి, మడమ మాత్రం లేవకూడదు. చలని రెండు జతల మేజోళ్లు తొడగడం మనవాళ్ల అలవాటు. అవి ముడతపడి బొబ్బలు లేపుతాయి, రక్తం ఆడక పాదం ఇంకా చల్లబడుతుంది. పిక్క దాకా వచ్చే పల్చటి ఊలుది ఒక్కటి చాలు. స్కీని బూటుకు పట్టి ఉంచే బైండింగు బిగింపును మన బరువు, ఎత్తు, అనుభవం చూసి పెట్టాలి. బరువెంతని అడగని దుకాణంలో తీసుకోకండి. మరీ బిగిస్తే పడినప్పుడు స్కీ ఊడదు, మోకాలు మెలిపడుతుంది. నూలు బనియన్, జీన్స్ రెండూ ఇంట్లోనే వదిలేయండి. తడిసాక ఒంటిని వణికిస్తాయి. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది కాబట్టి సన్‌స్క్రీన్ గడ్డం కిందా రాయాలి. కొబ్బరినూనె సీసా ఎలాగూ రాయైపోతుంది, మోసుకెళ్లకండి.

కశ్మీరీలు డిసెంబరు 21 నుంచి 40 రోజుల్ని చిల్లై కలాన్ అంటారు. గడ్డుచలి కాలమది. అయినా 2024 జనవరిలో గుల్మార్గ్ వాలులు మంచులేక బోసిగా ఉన్నాయి. ఫిబ్రవరి నయం, కానీ 2025లో అక్కడి ఖేలో ఇండియా పోటీలు ఆ నెలలోనే మంచు చాలక వాయిదాపడ్డాయి. రద్దు చేసుకోగల గది తీసుకోండి. రైలునే నమ్ముకునే మన పేట రైల్వే కుటుంబాలకు 2025 జూన్ నుంచి కత్రా–శ్రీనగర్ వందేభారత్ ఉంది. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, ఇంట్లో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. మంచు కురిశాక దిగువ ఊరు టంగ్‌మార్గ్ నుంచి పైకి చక్రాలకు గొలుసులు కట్టిన బండ్లే వెళ్తాయి. సికింద్రాబాద్ ఎత్తు 540 మీటర్లు, గుల్మార్గ్ 2,650. అందుకే మొదటిరోజు నీళ్లు బాగా తాగి, ఊరికే తిరగండి.

గుల్మార్గ్ గొండోలా (కేబుల్ కార్) రెండో దశ అఫర్వాత్ కొండ మీద 3,900 మీటర్లు దాటి చేరుస్తుంది. కొత్తవాళ్లు చూసి, అదే గొండోలాలో దిగిరావాలి. ఆ వాలులు చదును చేసినవి కావు. 2023 ఫిబ్రవరిలో అక్కడ విరిగిపడ్డ మంచుచరియ ఇద్దరు పోలండ్ స్కీయర్లను పొట్టనపెట్టుకుంది. కింది చిన్నవాలు మీదైనా సాయంత్రానికి మంచు గట్టిపడుతుంది, తొడలు వణుకుతాయి. పక్కవాళ్లు “ఇంకొక్కసారి” అనగానే మీరు బూట్లు విప్పేయండి.