దమ్ము ఎరిగిన మాస్టారు

బోధన్‌లో పెండ్లి కుదిరితే ఫంక్షన్ హాలు, వంటల లెక్క తేలాకే బ్యాండు మాట. అదీ డీజే వద్దనుకున్న ఇండ్లల్లోనే. బ్యాండు మాస్టారును మనం అడిగేది ఒక్కటే, ఎంతమంది వస్తరని. తలకింత అని బేరం; ఊదేది ఎవరని అడగం.

ఈ మధ్య నన్ను డ్యూక్ ఎలింగ్టన్ పట్టుకున్నాడు. 1899లో వాషింగ్టన్‌లో పుట్టిన జాజ్ పియానిస్టు. 1927 చివర్లో న్యూయార్క్ కాటన్ క్లబ్బులో కుదురుకున్నాడు, 1974లో పోయేదాకా బ్యాండు నడిపాడు. 1963లో మన దేశానికీ వచ్చివెళ్లాడు. వాయించేది పియానోనే అయినా ఆయన అసలు వాద్యం బ్యాండేనని, ఆయనతో కలిసి బాణీలు కట్టిన బిల్లీ స్ట్రేహార్న్ అనేవాడు. వట్టి పొగడ్త కాదది. ఎలింగ్టన్ ట్రంపెట్‌కు రాయలేదు, తన ట్రంపెటర్ కూటీ విలియమ్స్‌కు రాశాడు. 1940లో అతని పేరు పెట్టే ఒక కాన్సెర్టో కట్టాడు. అదే ఏడాది కూటీ, బెన్నీ గుడ్‌మన్ బ్యాండుకు వెళ్లిపోయాడు. తిరిగొచ్చింది 1962లో!

వాద్యానికి కాక ఊదే మనిషికి కట్టడం మా దిక్కు మాస్టర్లకూ ఎరుకే. మొన్నొక బరాత్‌లో చూశాను. పాట చరణంలో పైకెక్కే చోట ట్రంపెట్ ఆయన బుగ్గలు బిగించాడో లేదో, మాస్టారు క్లారినెట్ ఎత్తి ఆ ముక్కను తానందుకున్నాడు. ట్రంపెట్ కిందికి దిగి శ్రుతి పట్టుకుంది. ఎగిరేవాళ్లు ఎగురుతూనే ఉన్నారు. తర్వాత అడిగితే, “వాని దమ్ము నాకెరుకనే సార్. పొద్దున్నుంచి ఊదుతుండు, పెదవి వాచింది. పై సురం అందదు” అన్నాడు.

ఇట్లా ఎరగాలంటే మనుషులు ఏండ్ల తరబడి కలిసుండాలి. ఉండాలంటే పని లేని రోజుల్లోనూ కూడు దొరకాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో పెద్ద బ్యాండ్లు ఒక్కొక్కటే మూతపడుతుంటే, ఎలింగ్టన్ తన పాటల రాయల్టీ తెచ్చి జీతాలకు పోశాడు. బారిటోన్ శాక్సఫోన్ ఊదే హారీ కార్నీ 1927లో చేరి, 1974లో డ్యూక్ పోయేదాకా కదల్లేదు. కచేరీ నుంచి కచేరీకి ఆయన్ను కారులో తిప్పిందీ కార్నీనే.

మా మాస్టారుకు రాయల్టీ ఎక్కడిది? 2015 డిసెంబరులో ఇక్కడి నిజాం చక్కెర ఫ్యాక్టరీ లేఆఫ్ అయ్యాక, నేనెరిగిన ఇండ్లల్లో పెండ్లి ఖర్చు తగ్గిస్తే ముందు తెగింది బ్యాండే. అయినా ఆషాఢంలో మిత్తికి తెచ్చి ట్రంపెట్ ఆయనకు ఇస్తున్నాడు. అప్పు చేసి ఎందుకన్నాను.

“ఇయ్యకుంటే నిజామాబాద్ బ్యాండోళ్లు పిలుస్తరు సార్. ఆళ్లకు ఇంకో ట్రంపెటోడు దొరుకుతడు. నాకు వీడు దొరకడు.”

శ్రావణంలో మొదటి ముహూర్తానికి బయానా ముట్టిందట. మిత్తి అందులోంచే కడతాడు.