చెవికి ఆనించిన స్క్రూడ్రైవర్

పెళ్లిళ్ల రోజుల్లో తెల్లవారుజామున మూడింటికి మా మావయ్య అంబాసిడర్ బానెట్ మీద అరచెయ్యి వేసి చూసేవాడు. రేకు మంచుకి తడిసి చల్లగా తగిలితే ఇక సెల్ఫ్ జోలికి వెళ్లేవాడు కాదు. పొద్దున్నే బ్యాటరీని ఏడిపించకూడదనేది ఆయన పట్టింపు. డిక్కీలోంచి హ్యాండిల్ తీసి ముందు కంతలో దూర్చి, కీ వెయ్యకుండానే రెండు మూడు చుట్లు తిప్పేవాడు. రాత్రంతా అడుగున పడుకున్న ఆయిలు కాస్త కదలాలి కదా. అప్పుడు నన్ను సీట్లో కూర్చోబెట్టి "చోక్ లాగరా, కీ ఆన్ చెయ్యి" అనేవాడు. ఒక్క ఊపు. బండి దగ్గి, వణికి, అందుకునేది. నరసాపురంలో మా వీధి మొత్తం ఆ చప్పుడుకే లేచేది. నాకప్పుడు పన్నెండేళ్లు. అది 1974.

హ్యాండిల్ కొట్టడం బలంతో అయ్యే పని అనుకుంటారు గానీ, అదంతా పట్టులో ఉంది. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉండాలి. కర్రని పట్టినట్టు చుట్టేసి పట్టుకుంటే, ఇంజన్ వెనక్కి తన్నినప్పుడు వేలు విరుగుతుంది. కింద నుంచి పైకి లాగాలి, పై నుంచి కిందికి నొక్కకూడదు. మావయ్య ఇది నాకు వందసార్లు చెప్పి ఉంటాడు. పదహారో ఏట ఒక్కరోజు మరిచిపోయాను. మణికట్టు నెల రోజులు కట్టులో ఉంది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. కట్టు విప్పిన మర్నాడు మళ్లీ హ్యాండిల్ నా చేతికే ఇచ్చాడు.

కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో అంబాసిడర్ పుట్టింది 1957లో. ఇంగ్లండు వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అచ్చు అది. బొంబాయి కుర్లాలో తయారయ్యే ఫియట్ కూడా మా ఊళ్లో రెండు మూడు ఉండేవి, తర్వాత దానికే ప్రీమియర్ పద్మిని అని పేరొచ్చింది. 1089 సీసీ ఇంజన్, చురుకైన బండి. డాక్టర్లూ ప్లీడర్లూ దాన్ని ఇష్టపడేవారు. పెళ్లివారికి మాత్రం అంబాసిడరే కావాలి. ముందు సీటు బల్లలా ఒకటే ఉండేది, గేరు రాడ్డు స్టీరింగ్ కిందే ఉండేది కాబట్టి ముందే ముగ్గురు పెద్దవాళ్లు, ఒక పిల్లాడు. ఆ పిల్లాణ్ని నేనే.

పెళ్లి అవతలి గట్టు మీదైతే బండిని పంటు ఎక్కించాల్సి వచ్చేది. నరసాపురం రేవు నుంచి వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి చేరేదాకా మావయ్య ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. జనాన్ని దించేసి, రెండు బల్లల మీదుగా ఒక్కడే బండిని నడిపించేవాడు. అంబాసిడర్‌కి ఫస్ట్ గేరు బండి పూర్తిగా నిలబడితే గానీ సాఫీగా పడదు. బల్లల మధ్యలో తడబడితే మళ్లీ మొదలు. అందుకని ఒడ్డునే గేరు వేసుకుని, క్లచ్చి మీద పాదాన్ని వెంట్రుకవాసి ఎత్తుతూ పోయేవాడు. అద్దాలు దించి, తల కాస్త బయటికి పెట్టేవాడు. చూడ్డానికి అనుకునేవాణ్ని. వినడానికట. "బల్ల మీద బరువు సరిగ్గా పడితే ఒక చప్పుడు, అంచుకి పోతే ఇంకో చప్పుడు" అని చాలా ఏళ్లకి చెప్పాడు.

నా చెవిని పూర్తిగా మార్చింది మాత్రం భీమవరం రోడ్డులో షెడ్డు నడిపిన మేస్త్రి. చదువు మూడో క్లాసు. ఆయన దగ్గర ఫీలర్ గేజ్ ఒకటి, అడుగున్నర పొడవు స్క్రూడ్రైవర్ ఒకటి ఉండేవి. ఇంజన్ నడుస్తుండగా స్క్రూడ్రైవర్ మొనని ఇనుము మీద ఆనించి, చెక్క పిడిని చెవికి పెట్టుకునేవాడు. కళ్లు మూసుకునేవాడు. డాక్టరు గుండె మీద స్టెతస్కోపు జరిపినట్టు నాలుగైదు చోట్లకి జరిపి, "వాటర్ పంపు బేరింగు పోతోంది, వారం టైముంది" అనేవాడు. వారానికే పోయేది.

ఒకసారి టాపెట్లు టకటకమంటున్నాయని మావయ్య కంగారుపడితే మేస్త్రి అన్నమాట నాకిప్పటికీ గుర్తే. "చప్పుడు చేసేది మంచిదే బాబూ, చప్పుడు చెయ్యనిదే వాల్వుని కాల్చేస్తుంది." టాపెట్ గ్యాపు ఎక్కువైతే గోల చేస్తుంది, అంతే. తక్కువైతే వాల్వు పూర్తిగా మూసుకోక, మంట తగిలి తగిలి అంచు మాడిపోతుంది. పైకి మాత్రం ఇంజన్ ఎంతో మెత్తగా నడుస్తున్నట్టే ఉంటుంది. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లదీ అదే వరస. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో పదిహేను, అంతే సందు ఉండాలి. ఆ షెడ్డులో వేసవి సెలవులన్నీ పాయింట్లని గరుకు కాగితంతో రుద్దుతూ గడిపాను. నా పెట్రోలు వాసనకి మా అమ్మ రోజూ నాకు పెరట్లోనే స్నానం చేయించేది.

ఆ బండ్లే గొప్పవని నేననను. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే, నీళ్లలో దిగి వస్తే కాసేపు పట్టేవి కావు. సీటు బెల్టు అనేది మేం చూడలేదు. ఈనాటి బండి మా మనవణ్ని ఎంతో భద్రంగా తీసుకెళ్తుంది, అది చాలా పెద్ద మాట. అయితే రోగం వస్తే దాని కథ కంప్యూటర్ తెర మీద అంకెగా వస్తుంది. పక్కన నిలబడ్డ కుర్రాడికి వినడానికి ఏమీ మిగల్లేదు. ఎండాకాలం పెట్రోలు పంపు మీద తడిగుడ్డ ఎందుకు వేస్తారో, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ గొంతు ఎలా మారితే గేరు దించాలో బండే నేర్పేది. ఆ చదువు పోయింది. నాకు దిగులు దాని గురించే.

ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. మావయ్య బండి అంతకు చాలా ముందే పాత ఇనుముకి పోయింది. నేను అప్పుడు ఊళ్లో లేను. ఉంటే పోనిచ్చేవాణ్ని కాదు.

మీ పశువుల పాకలోనో, తాతగారి గ్యారేజీలోనో టార్పాలిన్ కింద అలాంటి బండి ఉంటే కిలోల లెక్కన అమ్మకండి. యాభై ఏళ్లు దాటి, బాడీ, ఛాసిస్, ఇంజన్ పెద్దగా మార్చని బండ్లని వింటేజ్ వాహనాలుగా రిజిస్టర్ చేసుకునే వీలు 2021 నుంచి ఉంది. రోజువారీ తిరగడానికీ కిరాయికీ పనికిరాదు, దాన్ని బతికించుకోవడానికి పనికొస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో కార్బురేటర్ విప్పి మళ్లీ బిగించగలిగిన ముసలి మేస్త్రులు ఇంకా దొరుకుతారు. బండిని అక్కడికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు ఇంట్లో పన్నెండేళ్ల పిల్లలెవరైనా ఉంటే, వాళ్లనీ వెంట తీసుకెళ్లండి.