ప్రపంచ సౌర పటము: ఒక పరిశీలన

ప్రపంచ బ్యాంకు 2017లో వెలువరించిన గ్లోబల్ సోలార్ అట్లాస్ నేడు సౌర విద్యుత్కేంద్రములను గురించి ఆలోచించు వారందరికి తొలి ఆధారమైనది. పటముపై ఒక చోటు చూపినచో, అచ్చట ఏటా చదరపు మీటరుపై ఎంత సౌరశక్తి పడునో, ఒక కిలోవాట్ ఫలకము ఎన్ని యూనిట్లు ఇచ్చునో క్షణములో చెప్పును. ఉచితముగా లభించుట దీని గొప్ప గుణము. దీనిని నిందించుట తేలిక. దీనికి ముందు చదువరి ఎంత చీకటిలో ఉండెనో మరువరాదు.

అయితే ఈ అంకెలు ఆయా చోట్ల కొలిచినవి కావు. ఉపగ్రహముల మేఘచిత్రములనుండి, గాలిలోని తేమ, ధూళి లెక్కలనుండి గణించినవి. మేఘములను ఉపగ్రహము బాగుగనే పట్టును. పలుచని ధూళిపొరను, పొగను పట్టుట కష్టము. అందుకు నేలపై కొలత కావలెను. ఈ విషయమున మన దేశమునకు మంచి పునాది కలదు. 1957–58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరమున అన్నా మణి సౌర వికిరణమును కొలుచు కేంద్రములను నెలకొల్పినారు. 1980లో ఆమె వెలువరించిన దత్తాంశ గ్రంథమున కొలత కేంద్రములు కొద్దియే. కాని కొలిచిన ప్రతి అంకె వెనుక ఒక పైరనోమీటరు, దాని గాజును తుడిచిన ఒక మనిషి కలరు. 2011లో చెన్నైలోని పవనశక్తి సంస్థ మరి 51 కేంద్రములతో ఈ పనిని విస్తరించినది.

అట్లాసుపై అసలు ఆక్షేపణ వేరు. అది ఒకే అంకెను చదువరి చేతిలో పెట్టును. ఆ అంకె ఎంత ఊగునో అతని కంటికి ఆనదు. రాయలసీమలో ఒక మెగావాట్ కేంద్రము తలపెట్టినారనుకొందము. ఫలకముల తలముపై ఏటా చదరపు మీటరుకు 2,000 కిలోవాట్-గంటలు పడుననియు, వేడి, ధూళి, తీగలు, ఇన్వర్టరు కలసి 20 శాతము హరించుననియు అనుకొన్నచో, రాబడి 16 లక్షల యూనిట్లు. కాని ఇది నడిమి అంచనా. అంతకన్న తక్కువ వచ్చు అవకాశము సగము! అంచనాలో అనిశ్చితి 6 శాతమైనచో, పదింట తొమ్మిది పాళ్లు నమ్మదగినది 14.8 లక్షలు మాత్రమే. బ్యాంకు కిస్తీ కట్టవలసినవానికి ఆ 1.2 లక్షల యూనిట్లు చిన్న సంగతి కాదు. అప్పిచ్చువారు రెండవ అంకెనే చూతురు. భూమి కౌలుకిచ్చు రైతునకు మొదటిదే వినిపించును.

ఎండ ఎక్కువైనచో రాబడియు అంతే ఎక్కువ అను భ్రమ మరియొకటి. ఫలకముల శక్తిని 25 డిగ్రీల వద్ద నిర్ణయింతురు. మే నెల మధ్యాహ్నము ఫలకము 65 డిగ్రీలకు చేరినచో, డిగ్రీకి 0.4 శాతము చొప్పున 16 శాతము తగ్గును. గాలి వేడిమిని అట్లాసు లెక్కలోనికి తీసికొన్నది, అది మెచ్చదగినది. ధూళికి మాత్రము అన్ని చోట్లకు ఒకే సాధారణ నష్టమును వేసినది. పక్క పొలము దున్నునపుడు రేగు ఎర్రమట్టి, దగ్గరి కంకర మిల్లు దానికి తెలియవు. ప్రక్కనున్న చింతచెట్టు నీడయు తెలియదు.

అంచనా వేయువారు చోటు నిర్ణయించిన పిదప కనీసము ఒక సంవత్సరము పైరనోమీటరు నిలిపి, అదే సంవత్సరపు ఉపగ్రహ విలువలతో పోల్చి, తేడాను బట్టి పాత సంవత్సరముల విలువలను సవరింపవలెను. పరికరము గాజును వారానికి రెండు మూడు సారులైనను తుడువనిచో ఆ కొలతయు చెడును.