హయ్ తిరిగి చేరిన ద్వీపం

అందలుస్‌కు చెందిన ఇబ్న్ తుఫైల్ (రహ్మ) మువహ్హిద్ పాలకుడు అబూ యాఖూబ్ యూసుఫ్‌కు ఆస్థాన వైద్యుడు, క్రీ.శ. 1185లో మరాకిష్ నగరంలో మరణించాడు. ఆయన అరబీలో రచించిన ‘హయ్ ఇబ్న్ యఖ్జాన్’ 1671లో లాటిన్‌లోనికి, 1708లో ఆంగ్లంలోనికి అనువాదమై ఐరోపాలో విశేష ప్రచారం పొందింది. నిర్జన ద్వీపంలో లేడి పాలు త్రాగి పెరిగిన బాలుడు కేవలం బుద్ధిబలంతో సృష్టికర్తను గుర్తించడమే దీని ఇతివృత్తమని సాధారణంగా చెబుతారు. కాని గ్రంథంలోని చివరి ఘట్టం మరొక ప్రశ్నను లేవదీస్తున్నది. పోయిన అమాయకత్వం తిరిగి వస్తుందా?

పొరుగు ద్వీపం నుండి వచ్చిన అబ్సాల్ హయ్‌కు మాటలు నేర్పుతాడు, ధర్మాన్ని తెలుపుతాడు. తాను కనుగొన్న సత్యమే అందులో ఉన్నదని గ్రహించి హయ్ విశ్వసిస్తాడు. మనుషులందరూ నిర్మల బుద్ధి గలవారేనని తలచి, వారికి లోతైన సత్యాలు బోధించాలని బయలుదేరుతాడు. వారు మొదట ఆదరించి, పిమ్మట ముఖం చిట్లిస్తారు. చివరకు హయ్ సలామాన్‌కు, అతని మిత్రులకు క్షమాపణ చెప్పుకొని, షరీఅత్‌ను గట్టిగా పట్టుకొని ఉండండని హితవు పలికి, అబ్సాల్‌తో కలిసి తన ద్వీపానికి మరలిపోతాడు. అక్కడ పూర్వపు ఆధ్యాత్మిక స్థానాన్ని తిరిగి పొందాడని గ్రంథకర్త కొద్ది వాక్యాలలో ముగిస్తాడు.

ఈ ముగింపు చదివినవారికి అంతా మునుపటివలెనే అయినదన్న తృప్తి కలుగుతుంది. ఆ తృప్తిని కథే నిలువనీయదు. హయ్ తొలి ఏకాంతం ఇతరులున్నారని తెలియని ఏకాంతం. మలి ఏకాంతం వారిని చూచి, వారిపై జాలిపడి, కోరి ఎన్నుకున్నది. ప్రక్కన అబ్సాల్ కూడా ఉన్నాడు. కథారంభంలో పెంచిన లేడి మరణించినప్పుడు హయ్ దాని రొమ్ము చీల్చి, గుండెలోని ఒక అర ఖాళీగా ఉండడం చూచి, తాను ప్రేమించినది వెళ్ళిపోయినదని తెలుసుకుంటాడు. ఖాబీల్ వృత్తాంతాన్ని తలపించేటట్లు, కాకిని చూచి పూడ్చడం నేర్చుకుంటాడు. ఆ పిమ్మట అతడు లేడిపిల్లగా బ్రతకలేదు. అంత వివరంగా లేడి గుండెను చూపిన రచయిత, నిరాశతో మరలిన హయ్ గుండెను మాత్రం తెరచి చూపలేదు. గ్రంథంలో ఇది నిజమైన కొరత.

తెలుగులో ‘అమాయకత్వం’ అన్న మాట రెండు అర్థాలను కలిపివేస్తున్నది. కపటం లేకపోవడం ఒకటి, లోకం తెలియకపోవడం మరొకటి. దివ్య ఖుర్ఆన్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) గారికి ‘ఖల్బె సలీమ్’, అనగా నిష్కల్మష హృదయం, ఉన్నదని తెలుపుతున్నది. విగ్రహాలను పగులగొట్టి, అగ్నిగుండాన్ని ఎదుర్కొన్న ఆ మహనీయుడు లోకం తెలియనివాడు కాడు. హయ్‌కు తిరిగి లభించినది మొదటిది; రెండవది పొరుగు ద్వీపంలోనే ఉండిపోయింది.

ఇబ్న్ తుఫైల్ తన ఉపోద్ఘాతంలో చర్చించిన ఇమామ్ గజాలీ (రహ్మ) జీవితమూ ఇదే చెబుతున్నది. 1095లో బగ్దాద్ నిజామియాను విడిచిన ఆయన 1106లో నైషాపూర్‌లో మరల బోధన చేపట్టారు. అయితే అది వెనుకకు పోవడం కాదని, మునుపు కీర్తినిచ్చే విద్యను బోధించానని, ఇప్పుడు కీర్తిని త్యజింపజేసే విద్యను బోధిస్తున్నానని ‘అల్ మున్ఖిజ్’లో వివరించారు.

ప్రశ్నలు ఎదురై బాల్యపు సరళ విశ్వాసాన్ని పోగొట్టుకున్న చదువరులు నేడు ఎందరో ఉన్నారు. అమ్మమ్మ ప్రక్కన జానమాజ్ మీద కూర్చున్న ఆ పసితనం తిరిగి రాలేదని వారు కుమిలిపోనక్కరలేదు. ఆదం (అలైహిస్సలాం) గారి తౌబాను అల్లాహ్ స్వీకరించాడు. అయినా ఆయన జీవించవలసినది భూమి మీదనే. తౌబా దోషాన్ని తుడిచివేస్తుంది, తెలిసిన దానిని తుడిచివేయదు. హయ్ ఇబ్న్ యఖ్జాన్ అంటే ‘మేలుకొన్నవాని కుమారుడు సజీవుడు’ అని అర్థం. మేలుకొన్నవానికి మరల నిద్ర దొరకకపోవచ్చు, నమాజు మాత్రం దొరుకుతుంది.