బొమ్మ ఎటు చూస్తోంది?

పిల్లల బొమ్మల పుస్తకాల మీద విమర్శ ఏమిటని కొందరు మిత్రులు ముక్కున వేలేసుకోవచ్చు. కాని తెలుగు అక్షరాలు రాని మన పిల్లల చేతుల్లో ఈ పుస్తకాలు నిత్యం ఉంటాయి. వాళ్లు మాటకన్న ముందు బొమ్మను చదువుతారు. చందమామ చేతికొస్తే మనమూ చేసింది అదే. చిత్రా, శంకర్ బొమ్మలన్నీ తిరగేశాకే కథలోకి దిగేవాళ్లం. అందుచేత, అతిలోక శక్తులున్న నాయికను మనిషిగా నిలబెట్టేదీ, అలంకారపు వస్తువుగా దిగజార్చేదీ ముఖ్యంగా చిత్రకారుడేనని మా అభిప్రాయం. ‘వండర్ ఉమన్’ చరిత్రే అందుకు సాక్ష్యం.

ఈ నాయిక 1941 చివర పుట్టింది. సృష్టికర్త విలియం మౌల్టన్ మార్‌స్టన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. అబద్ధమాడేవాడి రక్తపుపోటు పెరుగుతుందన్న ఊహతో పరీక్షలు చేసినవాడు. నాయిక చేతి బంగారు పాశానికి చిక్కినవాడు నిజం చెప్పక తప్పదంటే, మాబోటి వైద్యులకు చేతికి చుట్టే బీపీ పట్టీ గుర్తురాక మానదు.

ఆమెకు మొదట రూపం ఇచ్చిన హెచ్. జి. పీటర్ అప్పటికే అరవై దాటిన పెద్దమనిషి. పాత హాస్యపత్రికలకు బొమ్మలు వేసిన చెయ్యి. లావుపాటి గీత, కొయ్యబొమ్మల్లాంటి భంగిమలు. ఈనాటి కంటికి అవి మోటుగానే కనిపిస్తాయి. అయినా ఆ బొమ్మలో ఒక నిజాయితీ ఉంది. ఆమె పరుగెత్తుతుంది, దూకుతుంది, తుపాకి గుళ్లను కంకణాలతో అడ్డుకుంటుంది. ఆమె చూపు ఎదుటి పనిమీదే, మన మీద కాదు. పీటర్ 1958లో కన్నుమూసేదాకా ఆమెను గీస్తూనే ఉన్నాడు.

తరువాత ఎందరో గీశారు. మాకు మిక్కిలి నచ్చినది 1987లో జార్జ్ పెరెజ్ కొత్తగా మొదలుపెట్టిన వరుస. ఆయన ప్యూర్టో రికో నుంచి న్యూయార్కు వచ్చిన తల్లిదండ్రుల బిడ్డ. ఆ కథలో నాయిక డయానా తన దీవి విడిచి ఈ లోకానికి వచ్చేసరికి ఆమెకు ఇంగ్లీషు రాదు. బోస్టన్‌లో జూలియా అనే నడివయసు ఆచార్యురాలి ఇంట్లో ఉండి నేర్చుకుంటుంది. కొండలు పిండి చేయగల మనిషి, ఒక చిన్న మాట కోసం తడుముకుంటుంది. మన దేశంలో పట్టాలు పుచ్చుకుని వచ్చి, ఇక్కడ ఫోను ఎత్తడానికి జంకిన మనకు ఈ ఘట్టాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. పెరెజ్ దీన్ని డైలాగులకు వదిలిపెట్టక ముఖంలో గీశాడు. కనుబొమల కదలికలో వింత, బెరుకు, ఆసక్తి వేరువేరుగా కనబడతాయి.

ఇంకొక మంచి గుణం. ఆయన దీవిలోని స్త్రీలు ఒకే అచ్చులో పోసిన వాళ్లు కారు. నల్లని సేనాని ఫిలిప్పస్ ఉంది, తల్లి హిప్పోలిటా ఉంది. ఎవరి ముఖం వారిదే. కూతురిని పోటీకి రావద్దని తల్లి శాసించడం, కూతురు ముఖం దాచుకుని వచ్చి గెలవడం 1940ల నాటి కథలోనే ఉంది. గెలిచిన కూతురిని తల్లి పంపక తప్పదు. దూరదేశానికి బిడ్డల్ని పంపిన తల్లులు మనకూ ఉన్నారు. మన ప్రమీల కథలోనూ స్త్రీ రాజ్యం ఉంది గాని, అది అర్జునుడితో పెళ్లికే చేరుతుంది. డయానా కథ పనికోసం గడప దాటడంతో మొదలవుతుంది.

లోపాలు లేవని కాదు. పెరెజ్ ఒక్కో పేజీలో గదులు కిక్కిరిసిపోతాయి, మాటలు బొమ్మల మీదికి ఎక్కుతాయి, కన్ను అలసిపోతుంది.

ఆ దుస్తులేమిటని మన పెద్దవాళ్లు అభ్యంతరపెడతారు. రామప్ప గుడి మదనికలను చూసి గర్వపడే మనం గుడ్డ కొలతతో తీర్పు చెప్పడం సబబు కాదు. చూడవలసింది భంగిమ. 1994, 95లలో మైక్ డియోడాటో వేసిన సంచికలు తిరగేయండి. అవే దుస్తులు మరీ కురచనయ్యాయి సరే, అసలు తప్పు వెన్నెముకలో ఉంది. రొమ్ము, పిరుదులు ఒకేసారి కనబడేటట్టు నడుము మెలితిరిగి ఉంటుంది. అలా వంగిన రోగి మా దగ్గరకు వస్తే ముందు ఎక్స్‌రే తీయిస్తాం! గీతలో నేర్పు పీటర్‌కన్న ఎంతో ఎక్కువ. కాని ఆమె పోరాడుతున్నట్టు లేదు, ఎవరో చూడాలని నిలబడినట్టుంది.

ఈ జబ్బు మనకూ కొత్త కాదు. చక్కని పిల్లను ‘బాపు బొమ్మలా ఉంది’ అని మెచ్చుకుంటాం. ఆ బాపుగారే గీసిన సీగానపెసూనాంబలా ఉందని మాత్రం ఎవరినీ మెచ్చుకోం!

కనుక తల్లిదండ్రులకు మా మనవి ఇది. పిల్లల చేతిలోని పుస్తకం లాక్కోకండి. పక్కన కూర్చుని, మాటల మీద చెయ్యి అడ్డుపెట్టి, బొమ్మలు మాత్రం చూడండి. ఆమె ఎటు చూస్తోంది? పాదాలు ఆనుకుని ఉన్నాయా? ఆ చేతులు ఏదైనా పని చేస్తున్నాయా? ఈ మూడు ప్రశ్నలూ మన ఆడపిల్లలు అడగడం నేర్చుకుంటే, రేపు సినిమా పోస్టరు చూసినా, పెళ్లిచూపుల కోసం పంపమన్న ఫోటో చూసినా అడగగలరు.