ఈ ఇస్త్రీపెట్టె ఎవరిది?

మామూలు మనుషులు వాడి పక్కన పెట్టేసిన వస్తువులను మ్యూజియం భాషలో సామాజిక చరిత్ర సేకరణ అంటారు. ఇస్త్రీపెట్టె, పాలక్యాను, రేషన్ పుస్తకం, సమ్మెలో పట్టుకున్న జెండా, బడిపిల్లల పలక అన్నీ ఇందులోకే వస్తాయి. శిల్పాలు, చిత్రాలు చూసే క్యూరేటర్ ముందుగా పనితనం మీద దృష్టి పెడతారు. సామాజిక చరిత్ర క్యూరేటర్ మాత్రం ముందు ఒక మాట అడుగుతారు. ఇది ఎవరిది, దీంతో వాళ్ళు ఏం చేసేవాళ్ళు? ఆ జవాబు దొరకని వస్తువు ఎంత పాతదైనా ఇక్కడ సగం వస్తువే.

ఈ పనికి తొలి రూపం స్వీడన్‌లో వచ్చింది. ఫ్యాక్టరీలు పెరిగి పల్లె బతుకు మారిపోతున్న రోజుల్లో ఆర్టుర్ హాజేలియస్ రైతుల దుస్తులు, ఇంటి సామాను పోగుచేసి 1873లో స్టాక్‌హోమ్‌లో ప్రదర్శనకు పెట్టారు. 1891లో స్కాన్‌సెన్‌లో ఏకంగా పల్లె ఇళ్ళనే విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. ఇంగ్లండ్‌లో పికరింగ్ అనే చిన్న ఊళ్ళో వైద్యం చేసే జాన్ కిర్క్ ఫీజుకు బదులు పాత సామాను పుచ్చుకునేవారని చెప్పుకుంటారు. ఆయన పోగుచేసిన వాటితోనే 1938లో యార్క్ నగరంలోని పాత మహిళా జైలులో కాజిల్ మ్యూజియం తెరిచారు. ఈశాన్య ఇంగ్లండ్‌లో బొగ్గుగనులు మూతపడుతున్నప్పుడు ఫ్రాంక్ అట్కిన్సన్ మరీ ముందుకు వెళ్ళి, జనం ఏదిస్తే అది తీసుకున్నారు. 1970లో బీమిష్ మ్యూజియం ఏర్పడేనాటికి ఆ సామాను సైన్యం వదిలేసిన 22 షెడ్లలోకి ఎక్కింది. ఆ ఆత్రాన్ని తప్పుపట్టలేం. ఏది పనికొస్తుందో తేల్చుకుంటూ కూర్చుంటే ఈలోగా అన్నీ పాత ఇనుములోకి పోయేవి.

ఇప్పుడు అలా చేసే మ్యూజియం అరుదు. దాత వస్తువు తెచ్చినప్పుడు క్యూరేటర్ అసలు పని మొదలవుతుంది. ఎవరు కొన్నారు, ఎక్కడ కొన్నారు, ఇంట్లో దాన్ని ముట్టుకునే హక్కు ఎవరిది, ఎప్పుడు వాడటం మానేశారు, మానేసినా ఎందుకు దాచారు అని ఓపికగా అడగాలి. చివరి ప్రశ్నకే చాలాసార్లు మంచి జవాబు వస్తుంది. అదే రోజు రాసుకోకపోతే ఆ జవాబు దాతతోనే వెళ్ళిపోతుంది. విరిగిన పిడికి చుట్టిన తీగ, అతుకు వేసిన గిన్నె, కాలిన మచ్చ కూడా సాక్ష్యాలే కాబట్టి వాటిని శుభ్రం చేయాలన్న తొందర పనికిరాదు. ఇత్తడి బిందె ఇవ్వమంటే చింతపండు పెట్టి తళతళలాడేలా తోమి ఇవ్వడం తెలుగు ఇళ్ళలో మర్యాద. ఆ మర్యాదకు కట్టెల పొయ్యి నాటి మసి కాస్తా పోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. పెళ్ళి చీర పెట్టెలో భద్రంగా ఉంటుంది. కలుపుతీతకు కట్టిన చీర బొంతలో కలిసి, తర్వాత మసిగుడ్డై, చివరికి లేకుండా పోతుంది. మిగిలినవాటితోనే గది అలంకరిస్తే పూర్వం అందరూ పట్టుచీరలు కట్టుకుని బతికినట్టే కనిపిస్తుంది. పేదల వస్తువులు అరిగిపోయేదాకా వాడినవి గనుక వాటిని పనిగట్టుకుని వెతకాలి. దొరకనిచోట ఫొటోలు, గొంతు రికార్డులు పెట్టుకోవాలి.

వస్తువు చేరాక దానికి వరుసలో ఒక చోటు కావాలి. బ్రిటన్‌లో 1983లో వచ్చిన వర్గీకరణ దేనితో చేశారన్నది పక్కన పెట్టి ఎక్కడ వాడారన్నది చూస్తుంది. ఊరి జీవితం, ఇల్లు, వ్యక్తిగత జీవితం, పని అని అందులో నాలుగు పెద్ద భాగాలు. ఒకే రకం బకెట్టు వంటింట్లో వాడితే ఒకచోట, గనిలో వాడితే మరోచోట చేరుతుంది. ఎక్కడ వాడారో అడగకుండా తీసుకున్న బకెట్టుకు చోటే తేలదు. చోటుతో పాటు వస్తువుకు ఒక నంబరూ ఇస్తారు. 1978.45.1 లాంటి నంబరుకు అర్థం 1978లో వచ్చిన 45వ చేరికలో మొదటి వస్తువని. ఆ నంబరును నేరుగా వస్తువు మీద రాయరు. కనపడని చోట పారలాయిడ్ అనే పారదర్శక పూత వేసి, దాని మీద సిరాతో రాసి, మళ్ళీ పూత వేస్తారు. అవసరమైతే తుడిచేయొచ్చు. బట్టలకైతే నాడా ముక్క మీద రాసి కుడతారు.

నిల్వగదిలో పురుగు పెద్ద శత్రువు. ఉన్ని బట్టలను మైనస్ 30 డిగ్రీల చలిలో మూడు రోజులు ఉంచి లోపలికి తెస్తారు. ప్లాస్టిక్ మరో తలనొప్పి. నూరేళ్ళ ఇనుప పెనం చెక్కుచెదరదు గానీ నలభై ఏళ్ళ బొమ్మలోని స్పాంజి పొడిపొడి అవుతుంది.

ఈ వృత్తి ఎంత సున్నితమో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరం చూపించింది. బానిసల వ్యాపారంలో భాగమున్న ఎడ్వర్డ్ కాల్‌స్టన్ విగ్రహాన్ని 2020 జూన్ 7న నిరసనకారులు పడగొట్టి రేవులోకి తోసేశారు. నాలుగు రోజులకు బయటికి తీశారు. బురద కడగాలి, నిరసనకారులు చల్లిన రంగు మాత్రం పోకూడదు. ఆ రంగే ఇప్పుడు చరిత్ర. కడుగుతుంటే విగ్రహం కోటు మడతల్లో 1895 నాటి పత్రిక ఒకటి బయటపడింది. విగ్రహం నిలబెట్టిన పనివాళ్ళు దాని మీద తమ పేర్లు రాసి పెట్టారు. 2021 జూన్‌లో ఎం షెడ్ మ్యూజియం విగ్రహాన్ని నిలబెట్టకుండా వెల్లకిలా పడుకోబెట్టి, పక్కన నిరసన అట్టలు ఉంచింది. నిలబెడితే పాత గౌరవం ఇచ్చినట్టు, దాచేస్తే జరిగింది చెరిపేసినట్టు. పడుకోబెట్టడం సరైన నిర్ణయం.

ఇక వదిలించుకోవడం. కుట్టుమిషన్లు, ఇస్త్రీపెట్టెలు ప్రతి మ్యూజియంలోనూ లెక్కకు మించి ఉన్నాయి. కథ తెలియని పదింటికంటే కథ తెలిసిన ఒకటి మేలు. అయినా ఏ క్యూరేటరూ ఒంటరిగా తీసి పారేయడానికి వీల్లేదు. పాలకమండలి ఒప్పుకోవాలి, ముందుగా వేరే మ్యూజియంలకు ఇవ్వజూపాలి, కారణం రాయాలి. వస్తువు వెళ్ళిపోయాక దాని నంబరును మరో వస్తువుకు ఇవ్వరు. రిజిస్టరులో ఆ వరుస అలాగే ఉంటుంది.